సిరలో గడ్డ, చిత్రంలో జాడ

పక్షవాతం వయసు మళ్ళినవారికి వచ్చే జబ్బు అన్నది లోకంలో పాతుకుపోయిన నమ్మకం. రక్తపుపోటు, మధుమేహం, పొగాకు అనే మూడు పేర్లు చెప్పి చాలామంది ఊరుకుంటారు. కాని పొత్తిళ్ళలోని పసికందు మెదడులో కూడా రక్తప్రసారానికి ఆటంకం కలగవచ్చు. ఆ ఆటంకం రెండు విధాలు. మెదడుకు రక్తాన్ని తెచ్చే ధమని మూసుకుపోవడం ఒకటి. మెదడు నుంచి రక్తాన్ని తీసుకుపోయే సిరలో రక్తం గడ్డకట్టడం రెండవది. మొదటిదాని సంగతి కొంతవరకు ప్రచారంలో ఉన్నది. రెండవదాని పేరు విన్నవారు తక్కువ. పైగా అది తలనొప్పి, వాంతులు, మగత వంటి సాధారణ బాధల చాటున దాగి వస్తుంది. నాడి పట్టి చూసినా, స్టెతస్కోపు పెట్టి విన్నా, నెత్తురు తీసి పరీక్షించినా ఫలానా సిరలో గడ్డ ఉన్నదని రూఢిగా తేలదు. మెదడును చిత్రం తీస్తేనే తేలుతుంది. ఆ చిత్రం కూడా సరైన ప్రశ్న అడిగితేనే సరైన జవాబు చెబుతుంది.

ఈ వ్యాధి ఎంత అరుదైనది? 1992 నుంచి కెనడా దేశపు పిల్లల ఆసుపత్రులు తమ వద్దకు వచ్చిన రోగుల వివరాలను ఒకచోట నమోదు చేశాయి. టొరాంటోకు చెందిన డాక్టర్ గాబ్రియెల్ డెవీబర్, ఆమె సహచరులు ఆ ఫలితాలను 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ప్రకటించారు. లక్ష మంది పిల్లలకు ఏడాదికి 0.67 వంతున, అంటే పదిహేను లక్షల మందికి పదిమంది చొప్పున, ఈ వ్యాధి కనిపించింది. మొత్తం 160 మంది రోగులలో 43 శాతం పుట్టి నెల నిండని శిశువులే. 8 శాతం మరణించారు. 38 శాతం మందికి నాడీమండలానికి సంబంధించిన ఏదో ఒక లోపం మిగిలింది. ఏడు కోట్లకు పైగా పిల్లలున్న అమెరికాకు ఈ లెక్కను అన్వయిస్తే ఏటా సుమారు ఐదువందల మంది అవుతారు. సంఖ్య చిన్నదే. కాని ఆ ఐదువందల మందిలో ప్రతి ఒక్కరి భవిష్యత్తూ వ్యాధిని ఎంత త్వరగా పోల్చుకున్నారన్న దానిమీద కొంత ఆధారపడి ఉంటుంది.

పంట కాలువ, మురుగు కాలువ

గోదావరి, కృష్ణా డెల్టాల రైతుకు రెండు రకాల కాలువలు తెలుసు. పంట కాలువ చేనుకు నీరు తెస్తుంది. మురుగు కాలువ మిగిలిన నీటిని సముద్రం వైపు తీసుకుపోతుంది. పంట కాలువకు అడ్డుపడితే చేను ఎండుతుంది. మురుగు కాలువ పూడిపోతే చేను మునుగుతుంది. ఎండినా, మునిగినా పైరు పోవడం ఒక్కటే. కాని కారణం వేరు, చేయవలసిన మరమ్మతు వేరు. మెదడు విషయంలో ధమని పంట కాలువ, సిర మురుగు కాలువ.

పెద్దవారిలో మెదడు బరువు శరీరపు బరువులో సుమారు 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం దానికే వెళ్తుంది. వెళ్ళినదంతా తిరిగి రావాలి. ఉపరితలాన ఉన్న సిరలు తమ రక్తాన్ని నడినెత్తి కింద, నుదుటి నుంచి వెనకకు సాగే ఒక పెద్ద కాలువలో పోస్తాయి. తల వెనుక భాగంలో అది కుడి ఎడమలుగా చీలుతుంది. ఒక్కొక్క పాయ చెవి వెనుక ఎముకను ఒరుసుకుంటూ వంపు తిరిగి, పుర్రె అడుగున బయటికి వచ్చి మెడలోని పెద్ద సిరగా మారుతుంది. మెదడు లోతుల్లోని రక్తాన్ని మరొక కాలువ తెచ్చి, తల వెనుక ఆ సంగమం దగ్గర కలుపుతుంది. మెదడును కప్పిన దళసరి పొర మడతల మధ్య ఏర్పడిన ఈ కాలువలకు వైద్యులు సైనసులు అని పేరు పెట్టారు. జలుబు చేసినప్పుడు బాధపెట్టే ముక్కు పక్కల గాలిగదులనూ సైనసులే అంటారు గాని ఆ రెంటికీ పేరులో తప్ప పోలిక లేదు.

మెదడు చుట్టూ ఉండే స్వచ్ఛమైన ద్రవం కూడా చాలావరకు ఈ కాలువల ద్వారానే రక్తంలో కలుస్తుంది. కనుక కాలువ పూడితే రెండు నష్టాలు జరుగుతాయి. రక్తం వెనకకు తన్ని మెదడు ఉబ్బుతుంది. ద్రవం నిలిచిపోయి పుర్రెలోని ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడికి తాళలేక సూక్ష్మ రక్తనాళాలు చిట్లితే మెదడులోనే రక్తస్రావం జరుగుతుంది. అందుచేత ఒకే రోగిలో ఒకచోట రక్తం గడ్డకట్టడం, మరొకచోట రక్తం కారడం ఏకకాలంలో కనిపిస్తాయి.

గడ్డ ఎందుకు కడుతుంది?

రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే తీరును పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్షో పరిశోధించాడు. ఆయన పేరుతో నేటికీ మూడు కారణాలు చెబుతారు. రక్తపు నడక మందగించడం, నాళపు గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే స్వభావం పెరగడం. పిల్లలలో ఈ మూడూ వివిధ రూపాలలో ఎదురవుతాయి.

విరేచనాలు, వాంతులతో ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. చెవిలో చీము పట్టి చెవి వెనుక ఎముకకు పాకితే, ఆ ఎముకను ఆనుకొని ఉన్న కాలువ గోడ వాస్తుంది. యాంటీబయాటిక్ మందులు రాకముందు ఇది పిల్లలను బలిగొన్న వ్యాధి. ఇప్పుడు తగ్గింది గాని అంతరించలేదు. మూత్రంలో మాంసకృత్తులు పోయి ఒళ్ళు వాచే మూత్రపిండాల వ్యాధిలో, రక్తం గడ్డకట్టకుండా కాపాడే పదార్థాలు కూడా మూత్రంతోపాటు పోతాయి. తలకు బలమైన గాయం తగిలినా, పుట్టుకతో గుండె జబ్బు ఉన్నా ప్రమాదం పెరుగుతుంది.

తెలుగు ఇళ్ళలో గమనించవలసిన కారణం ఒకటి ఉన్నది. అది ఇనుము లోపించిన రక్తహీనత. ఐరోపాలోని అయిదు కేంద్రాలలో చికిత్స పొందిన 42 మంది పిల్లల వివరాలు 2005లో వెలువడ్డాయి. వారిలో సగానికి పైగా పిల్లలలో రక్తహీనతో, ఎర్రకణాలు చిన్నవి కావడమో కనిపించింది. పాలు ఎంత తాగితే అంత బలమన్న నమ్మకంతో రెండు మూడేళ్ళ పిల్లలకు సీసాల కొద్దీ ఆవుపాలు పట్టడం చాలా కుటుంబాలలో అలవాటు. పాలలో ఇనుము చాలా తక్కువ. కడుపు పాలతో నిండితే పిల్లవాడు అన్నం, పప్పు, ఆకుకూరలు ముట్టడు. అందుకే ఏడాది నిండేవరకు ఆవుపాలు ప్రధానాహారంగా ఇవ్వవద్దనీ, ఆ తరువాత కూడా రోజుకు 24 ఔన్సులు, అంటే సుమారు 700 మిల్లీలీటర్లు, మించవద్దనీ అమెరికా పిల్లల వైద్యులు చెబుతారు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 428 మంది రోగుల వివరాలను 2012లో ప్రచురించారు. వారిలో అత్యధికులు పెద్దవారే అయినా, ముఖ్య కారణాల జాబితాలో రక్తహీనత అక్కడా ఉన్నది.

వంశపారంపర్యంగా వచ్చే లోపాలు మరికొన్ని. రక్తాన్ని పలచగా ఉంచే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీత్రాంబిన్ అనే పదార్థాలు కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటాయి. మేనరికపు సంబంధాలున్న వంశాలలో తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం బిడ్డకు సంక్రమించే అవకాశం ఎక్కువ.

రక్తపు క్యాన్సర్‌కు వాడే చికిత్స కూడా ఒక కారణమే. ఈ చికిత్స తొలి అధ్యాయంలో తెలుగువాని పాత్ర ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టి అమెరికా చేరిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ పరిశోధనశాల తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ క్యాన్సర్ సోకిన పిల్లలకు వాడాడు. తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గిన సంగతి 1948లో వెల్లడయింది. తరువాతి దశాబ్దాలలో ఆ మందులకు స్టెరాయిడ్లు, ఆస్పరాజినేజ్ అనే ఎంజైము జతకలిశాయి. లింఫ్ కణాల రక్తపు క్యాన్సర్ సోకిన పిల్లలలో నేడు అమెరికాలో పదింట తొమ్మిదిమంది వరకు బతికి బయటపడుతున్నారు. కాని ఆస్పరాజినేజ్ కాలేయంలో యాంటీత్రాంబిన్ తయారీని తగ్గిస్తుంది. కనుక ఆ చికిత్సలో ఉన్న బిడ్డకు కొత్తగా తలనొప్పి వచ్చినా, మూర్ఛ వచ్చినా వైద్యులు మెదడు సిరలను వెంటనే పరిశీలిస్తారు.

మారువేషంలో వచ్చే వ్యాధి

నెలలోపు శిశువులో మూర్ఛే ప్రధాన లక్షణం. అది పెద్దవారి మూర్ఛలాగా ఉండదు. పెదవులు చప్పరించడం, సైకిలు తొక్కుతున్నట్లు కాళ్ళు కదలడం, ఒక చెయ్యి అదే పనిగా ఎగరడం, ఊపిరి క్షణకాలం ఆగడం వంటివి చూస్తారు. పాలు తాగకపోవడం, మగతగా ఉండడం మాత్రమే కనిపించవచ్చు. కొంచెం పెద్ద పిల్లలలో రోజురోజుకూ పెరిగే తలనొప్పి, పడుకుంటే ఎక్కువయ్యే బాధ, వాంతులు, వస్తువులు రెండుగా కనిపించడం, నిద్రమత్తు, ఒక పక్క చెయ్యి కాలు బలహీనం కావడం ఉంటాయి. కంటి వెనుక నాడి వాచి చూపు మసకబారవచ్చు.

వీటిలో ఏ ఒక్కటీ ఈ వ్యాధికే ప్రత్యేకం కాదు. తలనొప్పి వచ్చిన వేలాది పిల్లలలో ఏ ఒక్కరికో తప్ప ఈ గడ్డ ఉండదు. కనుక ప్రతి తలనొప్పికీ స్కాన్ తీయనక్కరలేదు, తీయకూడదు కూడా. కాని తలనొప్పికి పైన చెప్పిన కారణాలలో ఏదో ఒకటి తోడైనప్పుడు ప్రశ్న పుట్టాలి. ఆ ప్రశ్న పుట్టిననాడే చిత్రానికి విలువ.

శవపరీక్ష నుంచి సజీవ చిత్రం దాకా

మెదడు సిరలలో గడ్డను తొలిసారిగా 1825లో ఫ్రెంచి వైద్యుడు రిబ్ వర్ణించాడు. అది నలభైఅయిదేళ్ళ మనిషి శవపరీక్షలో కనిపించిన విషయం. ఆ తరువాత నూరేళ్ళు రోగి బతికి ఉండగా ఈ వ్యాధిని నిర్ధారించే మార్గం దాదాపు లేకపోయింది. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడ ధమనిలోకి ఎక్స్ కిరణాలకు అడ్డునిలిచే ద్రవం ఎక్కించి మెదడు రక్తనాళాలను చిత్రించాడు. ఆ ద్రవం ధమనులు దాటి సిరలు చేరినప్పుడు తీసిన చిత్రాలలో, నిండవలసిన కాలువ నిండకపోతే గడ్డ ఉన్నట్లు గుర్తు. ఈ యాంజియోగ్రఫీ చాలాకాలం చివరి తీర్పుగా నిలిచింది. కాని ధమనిలోకి గొట్టం దూర్చే పరీక్షను పసిపిల్లలకు చేయడం తేలిక కాదు. నేడు దానిని మిగిలిన పరీక్షలతో తేలని సందర్భాలలోనూ, గొట్టం ద్వారానే గడ్డను తీయవలసి వచ్చినప్పుడూ మాత్రమే వాడుతున్నారు.

1971 అక్టోబరులో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రంతో మొదటి రోగి మెదడును చిత్రించారు. 1973లో ఆ యంత్రం అమెరికాలోని మేయో క్లినిక్‌కు చేరింది. తల చుట్టూ అన్ని వైపుల నుంచీ ఎక్స్ కిరణాలు పంపి, ఏ వైపు ఎంత కిరణం అణగారిందో కంప్యూటరు లెక్కకట్టి, తలను పొరలుపొరలుగా కోసినట్లు చూపడం దీని పద్ధతి. సాంద్రతకు కొలమానంగా గాలికి మైనస్ 1000, నీటికి 0 అంకెలు పెట్టారు. ప్రవహించే రక్తం సుమారు 40 నుంచి 60 మధ్య ఉంటుంది. గడ్డకట్టిన రక్తం నుంచి నీటి భాగం పిండుకుపోయి ఎర్రకణాలు దగ్గరపడతాయి గనుక దాని అంకె పెరుగుతుంది. అందుకే తాజా గడ్డ సి.టి.లో తెల్లని గీతగానో, చుక్కగానో మెరుస్తుంది.

నడినెత్తి కాలువను అడ్డంగా కోస్తే త్రిభుజాకారంగా ఉంటుంది. సిరలోకి అయోడిన్ ఉన్న ద్రవం ఎక్కించి సి.టి. తీస్తే, గడ్డ ఉన్న కాలువ గోడలు తెల్లబడి మధ్యభాగం నల్లగా మిగులుతుంది. గ్రీకు అక్షరం డెల్టాను పోలిన ఈ బొమ్మకు ఖాళీ డెల్టా అని పేరు. ఇది కనిపిస్తే సందేహం చాలావరకు తీరుతుంది. చిక్కేమిటంటే ఇది సుమారు మూడింట ఒక వంతు రోగులలోనే కనిపిస్తుంది. కనిపించనంత మాత్రాన గడ్డ లేదనుకోరాదు. ద్రవం ఎక్కించకుండా తీసిన సాధారణ సి.టి. అయితే గడ్డ ఉన్నా పూర్తిగా మామూలుగా కనిపించవచ్చు. "స్కాన్ బాగానే ఉంది" అన్న మాటకు, "ఏ స్కాన్?" అన్న ఎదురుప్రశ్న అవసరమయ్యేది ఇక్కడే.

అయస్కాంతం చూపే రక్తం

1973లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్‌లో పాల్ లాటర్‌బర్ అయస్కాంత అనునాదం ద్వారా చిత్రాలు తీసే మార్గాన్ని ప్రకటించాడు. ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని ముందుకు తీసుకుపోయాడు. ఇద్దరికీ 2003లో నోబెల్ బహుమతి లభించింది. నేడు ఎం.ఆర్.ఐ. అంటున్నది ఇదే. ఇందులో ఎక్స్ కిరణాలు ఉండవు. శరీరంలోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు స్పందించి తిరిగి సంకేతం పంపుతాయి. ఆ సంకేతాలే చిత్రం అవుతాయి.

వేగంగా పారే రక్తం సంకేతం ఇచ్చేలోగా ఆ పొర దాటి వెళ్ళిపోతుంది. కనుక మామూలు ఎం.ఆర్.ఐ.లో ఆరోగ్యవంతమైన కాలువ నల్లగా కనబడుతుంది. గడ్డ కదలదు గనుక ఆ నలుపు పోతుంది. ఇంతవరకు సులభం. అసలు మెలిక రక్తపు రంగుద్రవ్యంలో ఉన్నది. ప్రాణవాయువు వదిలేసిన హీమోగ్లోబిన్‌కు అయస్కాంత గుణం ఉన్నదని 1936లో కాలిఫోర్నియాలో లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ కనుగొన్నారు. గడ్డ కట్టిన మొదటి అయిదు రోజులలో ఇటువంటి హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండి, కొన్ని రకాల ఎం.ఆర్.ఐ. చిత్రాలలో గడ్డను కూడా నల్లగానే చూపుతుంది. అంటే పారే రక్తమూ నలుపే, ఆగిన రక్తమూ నలుపే! చూసే కన్ను మోసపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ తరువాత హీమోగ్లోబిన్ మెట్‌హీమోగ్లోబిన్‌గా మారి, రెండవ వారంలో గడ్డ తెల్లగా వెలుగుతుంది. ఈ మార్పుల క్రమం తెలిసిన వైద్యుడు గడ్డ వయసును కూడా సుమారుగా చెప్పగలడు. అయస్కాంత గుణానికి ప్రత్యేకంగా స్పందించే మరొక రకం చిత్రాలు తొలిరోజుల గడ్డను చిక్కని నల్లని తాడులా పట్టి చూపుతాయి. అందుచేత ఒకే రోగికి అయిదారు రకాల చిత్రాలు వరుసగా తీస్తారు.

మెదడు ఎక్కడ దెబ్బతిన్నదన్నది మరొక ఆధారం. ఏ చేను మునిగిందో చూసి ఏ మురుగు కాలువ పూడిందో రైతు చెప్పగలిగినట్లే, నడినెత్తికి అటూ ఇటూ వాపు ఉంటే పై కాలువనూ, చెవి దగ్గరి భాగంలో ఉంటే పక్క కాలువనూ, మెదడు లోతులో రెండు వైపులా ఉంటే లోతు సిరలనూ వైద్యులు అనుమానిస్తారు. ఈ వాపు ఒక ధమని పరిధికి లోబడి ఉండకపోవడం కూడా సిరల వ్యాధిని పట్టిచ్చే గుర్తు.

సిరల పటం

కాలువలలో ప్రవాహాన్నే బొమ్మకట్టే పరీక్షను వీనోగ్రఫీ అంటారు. ఎం.ఆర్. వీనోగ్రఫీలో ఒక పద్ధతి ఇలా పనిచేస్తుంది. ఒక పొరలోని కదలని కణజాలాన్ని రేడియో తరంగాలతో పదేపదే కొట్టి అలసిపోయేట్లు చేస్తారు. అది సంకేతం ఇవ్వలేక నల్లబడుతుంది. బయటి నుంచి ఆ పొరలోకి అప్పుడే వచ్చిన రక్తం అలసిపోలేదు గనుక తెల్లగా వెలుగుతుంది. రోగికి సూదిమందు ఏదీ ఎక్కించకుండానే సిరలన్నీ చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి. అయితే ప్రవాహం మందంగా ఉన్నా, పొరకు సమాంతరంగా సాగినా రక్తం కూడా అలసిపోయి, లేని గడ్డ ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. చాలామందిలో ఎడమవైపు పాయ పుట్టుకతోనే సన్నగా ఉంటుంది. దానిని చూసి గడ్డ అనుకొని, అవసరం లేని మందులు నెలల తరబడి ఇచ్చే ప్రమాదం ఉన్నది. సందేహం తీరకపోతే గాడోలీనియం ద్రవం ఎక్కించి మళ్ళీ చిత్రిస్తారు. ఆ లోహం కొంత శరీరంలో మిగిలిపోతుందని 2017లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. కనుక అవసరాన్ని తూచి వాడుతున్నారు.

అమెరికా ఆసుపత్రులలో మెదడు ఎం.ఆర్.ఐ. ఒక పరీక్ష, ఎం.ఆర్. వీనోగ్రఫీ వేరొక పరీక్ష. మొదటిది రాస్తే రెండవది దానంతట అది జరగదు. పరీక్షకు పంపే వైద్యుడు "తలనొప్పి" అని మాత్రమే రాస్తే చిత్రం తీసేవారు మామూలు చిత్రాలు తీస్తారు. "చెవిలో చీము, మూడు రోజులుగా తలనొప్పి, సిరలలో గడ్డ అనుమానం" అని రాస్తే సిరల పటం కూడా తీస్తారు. ఒక్క వాక్యం తేడాతో పరీక్షే మారిపోతుంది.

అత్యవసర సమయంలో సి.టి. వీనోగ్రఫీ చాలా ఉపయోగపడుతుంది. నిమిషాలలో పూర్తవుతుంది, సిరలను స్పష్టంగా చూపుతుంది. దాని లోపం ఎక్స్ కిరణాలు. ఎదిగే శరీరానికి కిరణాల హాని ఎక్కువ గనుక, పిల్లలకు పిల్లల మోతాదే వాడాలని 2008లో అమెరికా పిల్లల రేడియాలజిస్టులు ఇమేజ్ జెంట్లీ అనే ఉద్యమాన్ని ప్రారంభించారు. అలాగని ప్రాణాపాయంలో సి.టి.కి భయపడడం తగదు. ఎం.ఆర్.ఐ. వెంటనే దొరకనప్పుడు, బిడ్డ స్పృహ తప్పుతున్నప్పుడు సి.టి.యే ప్రాణదాత.

పసికందుల ప్రత్యేకత

పుట్టిన శిశువు మాడు మెత్తగా ఉంటుంది. ఆ కిటికీలోంచి అల్ట్రాసౌండ్ పంపి, డాప్లర్ ద్వారా నడినెత్తి కాలువలో రక్తపు కదలికను ఊయల పక్కనే పరీక్షించవచ్చు. కిరణాలు లేవు, మత్తు అక్కరలేదు. అయితే పక్క కాలువలు, లోతు సిరలు దానికి బాగా అందవు. కనుక దానిలో ఏమీ కనపడకపోయినా అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. తప్పదు.

పసికందుల సి.టి. మరింత మోసకారి. వారి రక్తంలో ఎర్రకణాలు ఎక్కువ, మెదడులో నీరు ఎక్కువ. అందువల్ల ఆరోగ్యవంతమైన కాలువ కూడా మెదడు పక్కన తెల్లగా మెరిసి గడ్డను తలపిస్తుంది. వెల్లకిల పడుకున్నప్పుడు తల వెనుక ఎముక కాలువను నొక్కి ప్రవాహం ఆగినట్లు కూడా చూపవచ్చు. ఇక నెలలు నిండి పుట్టిన శిశువు మెదడు గదులలో రక్తస్రావం కనబడితే దానిని ఊరికే వదలకూడదు. కాలిఫోర్నియా వైద్యులు 2003లో ప్రచురించిన పరిశీలనలో అటువంటి శిశువులలో సుమారు మూడింట ఒక వంతు మందికి మూలకారణం సిరలలోని గడ్డే.

ఎం.ఆర్.ఐ. గొట్టంలో చాలాసేపు కదలకుండా ఉండాలి. మూడేళ్ళలోపు పిల్లలకు ఎక్కువసేపు, పదేపదే మత్తు ఇవ్వడంపై అమెరికా ఆహార ఔషధ సంస్థ 2016లో హెచ్చరిక జారీచేసింది. అందుకే చాలా పిల్లల ఆసుపత్రులలో శిశువుకు కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో వెచ్చగా చుట్టి, సహజంగా నిద్రపోయాక చిత్రం తీస్తున్నారు. కొంచెం పెద్ద పిల్లలకు బొమ్మ యంత్రంలో ముందుగా అలవాటు చేయిస్తారు.

చిత్రం తేల్చిన తరువాత

రోగనిర్ధారణతో చికిత్స మారుతుంది గనుకనే ఈ తాపత్రయమంతా. గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్‌ను 1916లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్‌లీన్ అనే వైద్య విద్యార్థి పరిశోధన వెలికి తెచ్చింది. మెదడులో రక్తం కారుతున్న రోగికి రక్తాన్ని పలచబరిచే మందు ఇవ్వడం మొదట సాహసంగా తోచింది. 1991లో జర్మనీ వైద్యులు 20 మంది పెద్దవారిపై జరిపిన పరీక్షలో హెపారిన్ పొందిన పదిమందిలో ఎవరూ చనిపోలేదు. పొందని పదిమందిలో ముగ్గురు మరణించారు. మురుగు కాలువకు దారి దొరికితేనే చేలో నీరు తగ్గుతుంది, చిట్లిన నాళాలపై ఒత్తిడి తీరుతుంది. ఇదే ఇందులోని తర్కం. హెపారిన్ గడ్డను కరిగించదు, పెరగకుండా ఆపుతుంది. కరిగించే పనిని శరీరం నెమ్మదిగా తానే చేసుకుంటుంది.

పిల్లల విషయంలో 2010లో టొరాంటో వైద్యులు తొలి రోజులలోనే మళ్ళీ చిత్రాలు తీసి చూశారు. మందు ఇవ్వనివారిలో నాలుగింట ఒక వంతుకు పైగా గడ్డ పాకినట్లు తేలింది. 2018లో అమెరికా రక్తవ్యాధుల సంఘం, రక్తస్రావం లేని పిల్లలకు ఈ మందు ఇవ్వాలని గట్టిగా సిఫారసు చేసింది. రక్తస్రావం ఉన్నవారికి కూడా ఇవ్వడమే మేలని సూచించింది.  2020లో 114 మంది పిల్లలపై జరిగిన పరిశీలన తరువాత నోటితో తీసుకునే రివరాక్సబాన్‌కు బలం చేకూరింది. పిల్లలలో సిరల గడ్డలకు దానిని 2021లో అమెరికాలో ఆమోదించారు. చికిత్స సాధారణంగా పెద్ద పిల్లలకు మూడు నుంచి ఆరు నెలలు, శిశువులకు ఆరు వారాల నుంచి మూడు నెలలు సాగుతుంది. మళ్ళీ చిత్రం తీసి కాలువ తెరుచుకున్నదా లేదా చూసి మందు ఆపుతారు. మందుతోపాటు మూలకారణానికి, అంటే చెవి చీముకో, నీరసానికో, రక్తహీనతకో చికిత్స జరగాలి. చూపు దెబ్బతినకుండా కంటి వైద్యుని పరీక్ష కూడా ఉండాలి.

తల్లిదండ్రుల వంతు

యంత్రాలు ఎంత గొప్పవైనా, వాటి ముందుకు బిడ్డను చేర్చేది కుటుంబం చెప్పే కథే. ఎన్నాళ్ళ నుంచి తలనొప్పి, పడుకుంటే పెరుగుతున్నదా, ఎన్ని విరేచనాలయినవి, మూత్రం తగ్గిందా, చెవి వెనుక వాచిందా, ఏ మందులు వాడుతున్నారు, బిడ్డ ఏమి తింటున్నాడు, దగ్గరి బంధువులలో ఎవరికైనా చిన్న వయసులో కాళ్ళలోనో, ఊపిరితిత్తులలోనో, మెదడులోనో గడ్డ కట్టిందా అన్న వివరాలు వైద్యుని మనసులో ప్రశ్నను పుట్టిస్తాయి. ఆ చివరి సమాచారం చాలాసార్లు ఇండియాలో ఉన్న తాతయ్య, అమ్మమ్మల దగ్గరే ఉంటుంది. బిడ్డ జబ్బు పడకముందే అడిగి రాసి పెట్టుకోవడం మంచిది. వైద్యుని ఎదుట మొహమాటపడి క్లుప్తంగా చెప్పడం, ఇంటి విషయాలు దాచుకోవడం ఇక్కడ పనికిరావు.

బిడ్డకు మూర్ఛ వచ్చినా, లేపినా లేవని మగత ఉన్నా, ఒక పక్క బలం తగ్గినా, చూపు మసకబారినా 911కు ఫోను చేయాలి. మర్నాటి అపాయింట్‌మెంటు కోసం ఆగరాదు. స్కాన్ తీసినప్పుడు "ఇందులో సిరలు కూడా కనిపించాయా?" అని అడగడం అవిధేయత కాదు. వైద్యుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. అవసరం లేదనిపిస్తే కారణం చెబుతాడు, అవసరమనిపిస్తే సిరల పటం తీయిస్తాడు. పూడిన కాలువ సకాలంలో కనబడితే మునగబోయే చేనును చాలాసార్లు కాపాడుకోవచ్చు.